సముద్రం ఎదురుగా గది సరే, నీళ్లెక్కడివి?



సెలవులొస్తే మన ఇళ్లలో ఇప్పుడు కొత్త ముచ్చట ఒకటి మొదలవుతోంది. ఒకప్పుడు సెలవులంటే నానీ వాళ్ల ఊరు, దాదీ వాళ్ల ఊరు, మహా అయితే దగ్గర్లో ఉర్సు. ఇప్పుడు పిల్లలు ఫోన్లో వీడియోలు చూపించి "అబ్బా, సముద్రం పక్కన హోటల్లో ఉందాం" అంటున్నారు. అబ్బా గోవా ఖర్చు హిసాబ్ వేసి నోరు మూసుకుంటాడు. మాల్దీవుల హిసాబ్ వేసే హిమ్మత్ ఎవరికీ ఉండదు. సరిగ్గా అప్పుడే బిరాదరీ గ్రూపులో ఎవరో ఒకరు శ్రీకాకుళం జిల్లా వీడియో పంపిస్తారు. కొబ్బరి తోటలు, తెల్లటి ఇసుక, మనుషులే లేని తీరం. కింద ఒక మాట: "ఇంకో కోనసీమ. ఖర్చు తక్కువ."

ఆ వీడియోలో ఝూట్ ఏమీ లేదు. పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం వైపు పరుచుకున్న ఆ నేలను ఉద్దానం అంటారు. ఉద్యానవనం అన్న మాటే నోళ్లలో నలిగి ఉద్దానం అయిందని అక్కడివాళ్లు చెప్తారు. కొబ్బరి, జీడిమామిడి, పనస. తోటల చివర ఇసుక, ఇసుక చివర బంగాళాఖాతం. జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది. బారువ, అక్కుపల్లి శివసాగర్ బీచ్, భావనపాడు, ఇంకా కిందికి వస్తే కళింగపట్నం. చెన్నై–హౌరా రైలు మార్గం మీద పలాస ఉంది, జాతీయ రహదారి టెక్కలి మీదుగా పోతుంది. చేరుకోవడం కష్టం కాదు.

నా రాయ్ ముందే చెప్పేస్తాను. వెళ్లండి. పిల్లలకు సముద్రం చూపించడం ఇస్రాఫ్ కాదు. కాకపోతే గది బుక్ చేసేటప్పుడు మనమంతా మొదట అడిగే ప్రశ్న "సముద్రం ఎంత దూరం?" అని. ఉద్దానంలో మొదట అడగాల్సింది "మీ కుళాయిలో నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి?" అని. ఎందుకో చెప్తాను. దానికి ముందు గది సంగతి.

ఫొటోలో ఉన్నదీ లేనిదీ

ఇది గోవా కాదు, విశాఖ కూడా కాదు. సముద్రం పక్కన ఉండటానికి చోట్లు చాలా తక్కువ. బారువలో పర్యాటక శాఖ కట్టిన రిసార్టు ఉంది. అలాంటి చోటు దొరక్కపోతే పలాస–కాశీబుగ్గలోనో, టెక్కలిలోనో లాడ్జిలో దిగి, ఆటో మాట్లాడుకుని తీరానికి వెళ్లి రావాలి. దీన్ని తక్కువగా చూడకండి. పిల్లలతో, ముసలివాళ్లతో వెళ్లే కుటుంబానికి ఊళ్లో ఉన్న లాడ్జే మేలు. మందుల షాపు, టిఫిన్ హోటల్, ఆసుపత్రి నడిచే దూరంలో ఉంటాయి. సముద్రం పక్కన రాత్రి ఎనిమిదికి బిడ్డకు జ్వరమొస్తే అలల శబ్దం సుకూన్ ఇవ్వదు.

ప్రకటనల్లో "సన్‌సెట్ వ్యూ" అని కనిపిస్తే నవ్వుకోండి. మనది తూర్పు తీరం. సూర్యుడు సముద్రంలోంచి పుడతాడు, మహేంద్రగిరి కొండల వైపు అస్తమిస్తాడు. సముద్రం మీద సూర్యాస్తమయం కావాలంటే మంగళూరు వైపు పోవాలి. ఇక్కడ దొరికేది ఫజర్ తర్వాతి వెలుగు. నమాజు చదివి ఇసుక మీదికి నడిస్తే, చీకటి నీలంగా మారి, నీలం ఎర్రగా మారేదంతా మీ కళ్ల ముందే జరుగుతుంది. ఆ వేళకు రిసార్టులో సగంమంది నిద్రలో ఉంటారు. ఫజర్‌కు లేచే అలవాటున్న ఇంటికి ఈ తీరం ఇచ్చే తోఫా అది. దానికి అదనపు అద్దె లేదు.

ఇక "సముద్రం ఒడ్డునే" అన్న మాట. తీరప్రాంత నియంత్రణ నిబంధనల ప్రకారం జనసాంద్రత తక్కువున్న గ్రామీణ తీరంలో, పోటు గీత నుంచి 200 మీటర్ల దాకా కొత్త కట్టడాలకు అనుమతి లేదు. కాబట్టి కాయిదా ప్రకారం కట్టిన హోటల్ అయితే, మీ గదికీ అలకూ మధ్య సరుగుడు చెట్లో, ఇసుక దిబ్బో, పడవలు లాగిపెట్టే చోటో ఉంటుంది. కిటికీ కిందే అల కొట్టుకుంటున్న ఫొటో చూపిస్తే ఆ ఫొటోనైనా అనుమానించాలి, ఆ కట్టడాన్నైనా అనుమానించాలి.

ఉప్పు గాలి సంగతి ఎవరూ రాయరు. తలుపు గొళ్లెం తుప్పు, ఏసీ డబ్బా తుప్పు, బాత్రూంలో కుళాయి తుప్పు. తౌలియా ఆరదు. చాదర్ ఎప్పుడూ కాస్త తడిగానే అనిపిస్తుంది. ఇసుక మంచం దాకా వస్తుంది. ఇవి హోటల్ వాడి నిర్లక్ష్యం వల్ల కొంత, సముద్రం వల్ల కొంత. రెండూ వేరు చేసి చూడటం తెలిస్తే పనివాళ్ల మీద అనవసరంగా అరవం. మంచం మీద మరకలు హోటల్ వాడి ఖసూర్. గొళ్లెం మీద తుప్పుకు వాణ్ని మాత్రమే అనలేం.

రుతువు చూసుకోవాలి. అక్టోబరు, నవంబరు తుపానుల కాలం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను తీరం దాటింది పలాస దగ్గర, ఈ వజ్రపుకొత్తూరు వైపే. కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్లు లేవు. ఏప్రిల్, మే నెలల్లో ఉక్కపోత ముసలివాళ్లకు ప్రమాదం. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా అయితే హాయి.

సముద్రం గురించి ఒక్క మాట, దీన్ని మాత్రం మర్చిపోవద్దు. ఈ తీరంలో లోతు ఒక్కసారిగా పెరుగుతుంది, వెనక్కి లాగే ప్రవాహాలుంటాయి. చాలా చోట్ల కాపలా గజ ఈతగాళ్లు ఉండరు. పిక్నిక్‌కు వెళ్లి మునిగిపోయిన కుర్రాళ్ల వార్తలు జిల్లా పేజీల్లో మాకు కొత్త కాదు. మోకాలి లోతు దాటొద్దు. వల సర్దుకుంటున్న మత్స్యకారుణ్ని "చాచా, ఈరోజు ఇక్కడ దిగొచ్చా?" అని అడగండి. అతను వద్దంటే వద్దంతే.

మన ఇళ్ల లెక్కలు

మన కుటుంబాలు హోటల్లో దిగినప్పుడు వచ్చే తక్లీఫ్‌లు కొన్ని వేరు. వాటి గురించి ప్రయాణాల పేజీలు రాయవు, కనుక మనమే మాట్లాడుకోవాలి.

మొదటిది రిసెప్షన్. ఆ జిల్లాలో మన జనాభా నూటికి ఒక్కరు కూడా లేరు. ఒకసారి ఆ వైపు ఒక లాడ్జికి ఫోన్ చేస్తే గది ఉందన్నారు. ఆధార్ చూశాక, వెనక నిలబడ్డ బురఖాలు చూశాక గది లేదన్నారు. పేరు రాయను, ఎందుకంటే ఆ ఒక్క లాడ్జిని తిట్టడం నా మక్సద్ కాదు. పక్క వీధిలో ఇంకో లాడ్జి ఆయన తాళంచెవి ఇచ్చి, పడమర ఎటో తనే చూపించి, కింద దుప్పటి పరచడానికి మంచం జరిపించాడు. రెండూ ఒకే ఊళ్లో, ఒకే గంటలో జరిగాయి. కాబట్టి ముందే ఫోన్లో పేర్లు చెప్పి, ఎంతమందో చెప్పి, వీలైతే అడ్వాన్సు కట్టి రసీదు తీసుకోండి. మన ఇజ్జత్‌ను రాత్రి తొమ్మిదింటికి ఎవరి గుమ్మం ముందూ నిలబెట్టొద్దు.

రెండోది పర్దా. స్విమ్మింగ్ పూల్ ఉన్న చోట "ఈత దుస్తులు తప్పనిసరి" అన్న బోర్డు ఉంటుంది. మన ఆడపిల్లలు గట్టు మీద కూర్చుని తమ్ముళ్ల చెప్పులకు కాపలా కాస్తారు. పూల్ ఉన్న గదికి ఇచ్చే అదనపు డబ్బు ఇంట్లో సగంమందికి పనికిరాకపోతే అది దండగ ఖర్చు. సముద్రం దగ్గర ఆ బోర్డు లేదు. నిండుగా బట్టలేసుకుని, పాదాలు తడుపుకుని, అమ్మీ, ఖాలా, పిల్లలు అందరూ కలిసి నవ్వుకునే చోటు పూల్ కాదు, తీరం.

మూడోది దస్తర్‌ఖాన్. అల్‌హందులిల్లాహ్, సముద్రం పక్కన ఈ చిక్కు సగం తీరిపోతుంది. చేపకు జబీహా అక్కర్లేదు. కోడి, మేక మాంసం గురించి అనుమానముంటే చేపల పులుసుతో రెండు రోజులు రాజాలా గడిచిపోతాయి. కాకపోతే "సీఫుడ్ అంతా హలాలే" అని మెనూ మొత్తం చెప్పేయకండి. మన ఇళ్లలో ఎక్కువమంది పాటించే హనఫీ మస్లక్‌లో పీతకు ఇజాజత్ లేదు. రొయ్యల మీద ఉలమాల మధ్య ఇఖ్తిలాఫ్ ఉంది. షాఫయీ ఇళ్లవాళ్ల లెక్క వేరు. మీ ఇంట్లో ఏది పాటిస్తే అది పాటించండి, పక్క టేబుల్ వాళ్ల పళ్లెంలోకి తొంగిచూడొద్దు.

నాలుగోది నమాజు. ఇంటి నుంచి సుమారు 78 కిలోమీటర్లు దాటి, పదిహేను రోజులకన్నా తక్కువ ఉండే నియ్యత్‌తో వెళ్తే హనఫీ లెక్కలో మీరు ముసాఫిర్. నాలుగు రకాత్‌ల ఫర్జ్ రెండు అవుతుంది. హైదరాబాద్, విజయవాడ, విశాఖ నుంచి వెళ్లేవాళ్లకు ఇది వర్తిస్తుంది. టెక్కలి నుంచి బారువ వెళ్లేవాళ్లకు వర్తించదు. ఖిబ్లా పడమరకు, కాస్త ఉత్తరంగా. వీలుంటే దారిలో శ్రీకాకుళంలో ఆగి జామియా మసీదులో రెండు రకాత్‌లు చదవండి. 1641లో, కుతుబ్‌షాహీల కాలంలో, షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించిన మసీదు అది. ఈ తీరానికి మనం కొత్త టూరిస్టులం కాదని పిల్లలకు తెలుస్తుంది.

బిందెలో నీళ్లు

ఇప్పుడు అసలు మాటకు వస్తాను.

ఉద్దానంలో మూడు దశాబ్దాలుగా కిడ్నీలు పాడైపోతున్నాయి. షుగరు, బీపీ లాంటి తెలిసిన కారణాలేవీ లేకుండానే. తోటల్లో, పొలాల్లో ఒళ్లు వంచి పనిచేసే రైతులు, కూలీలు, కష్టపడే వయసులోనే డయాలసిస్ మంచం ఎక్కుతున్నారు. నీళ్లలో సిలికా అన్నారు, లోహాలు అన్నారు, పురుగుమందులు అన్నారు, ఎండలో నీళ్లు తాగకుండా పనిచేయడం అన్నారు, వంశపారంపర్యం అన్నారు. దేశవిదేశాల డాక్టర్లు వచ్చి రక్తం, నీళ్లు, మట్టి పట్టుకెళ్లారు. ఇదొక్కటే కారణం అని ఖచ్చితంగా తేల్చిన మాట ఇప్పటికీ లేదు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. అదే రోజు హిరమండలం జలాశయం నుంచి వంశధార నీళ్లను పైపుల్లో ఉద్దానం ఊళ్లకు తెచ్చే పథకం కూడా మొదలైంది. అది నిజంగా పెద్ద పని. కానీ ముప్పై ఏళ్లు భూమిలోని నీళ్లను భయంతో చూసినవాళ్ల గుండెలోంచి ఆ భయం ఒక పైపుతో పోదు.

ఒక ఊళ్లో దాహమేసి ఒక ఇంటి ముందు ఆగి నీళ్లడిగాం. వాకిట్లోనే చేతిపంపు ఉంది. ఆ ఇంటి పెద్దావిడ దాని వైపు చూడనైనా చూడలేదు. "మా నీళ్లు మీకొద్దు బాబూ" అని లోపలికి వెళ్లి, కొనుక్కున్న ఇరవై లీటర్ల డబ్బా వంచి చెంబు నిండా పోసి తెచ్చింది. డబ్బు ఇస్తే తీసుకోలేదు. ఆ ఇంట్లో ఎవరికి జబ్బో నేను అడగలేదు. మెహమాన్ నవాజీ మీద మన దగ్గర ఎన్ని బయాన్లు విన్నామో! ఆ చెంబు ముందు అవన్నీ చిన్నవి.

ఆ ఊరికి కొద్ది దూరంలో ఒక రిసార్టు కట్టారనుకోండి. ముప్పై గదులు, గదికో షవరు, గడ్డి లాన్, నీలం రంగు పూల్. ఎదురుగా సముద్రం పెట్టుకుని పూల్ కట్టడమే ఒక వింత. అందులో నింపేది సముద్రపు నీళ్లు కాదు, తీపి నీళ్లు. అవి రావడానికి రెండే దారులు. ఒకటి భూమిలోంచి, బోరుతో. రెండు ఊరికి వచ్చే పైపులోంచో, ట్యాంకరుతోనో. ఇసుక నేలలో తీపి నీరు పైన పలచటి పొరలా ఉంటుంది, కింద ఉప్పు నీరు కాచుకుని ఉంటుంది. పై పొరను ఎక్కువగా తోడితే కింది ఉప్పు పైకి వస్తుంది. ఒకసారి ఉప్పెక్కిన బావి మళ్లీ తీపి కావడానికి ఏళ్లు పడుతుంది. మనం రెండు రాత్రులుండి వచ్చేస్తాం. ఆ ఉప్పు బావి మాత్రం ఊరికి మిగిలిపోతుంది.

వుజూ గురించి మనకు చిన్నప్పుడే నేర్పారు. పారే నది ఒడ్డున కూర్చున్నా నీటిని వృథా చేయొద్దని. రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం ఒక ముద్ నీటితో వుజూ చేసేవారని హదీసుల్లో ఉంది. ముద్ అంటే దోసిలి నిండేంత కొలత, లీటరు కన్నా తక్కువే. గుసుల్‌కు నాలుగైదు ముద్‌లు. అంటే మన స్నానాల బకెట్లో పావు వంతు కూడా కాదు. అంత తక్కువలో మనం స్నానం చేయలేకపోవచ్చు. కానీ ఆ సున్నత్ తెలిసినవాడు, కిడ్నీలు పోయిన ఊరి పక్కన షవరు కింద అరగంట నిలబడటానికి కనీసం సిగ్గుపడాలి. ఇస్రాఫ్ అంటే పెళ్లి దావత్‌లో మిగిలిన బిర్యానీ మాత్రమే కాదు.

కాయిదా ఏం చెప్తోంది

ఇదంతా నీతిబోధ అనుకుంటే కాగితం మీద ఉన్నదే చెప్తాను. 2011 తీర నియంత్రణ నోటిఫికేషన్‌లో బీచ్ రిసార్టులకు విడిగా షరతులు పెట్టారు. పోటు గీత నుంచి 200 మీటర్ల లోపల భూగర్భ జలం తోడకూడదు. 200 నుంచి 500 మీటర్ల మధ్య తోడాలంటే భూగర్భ జల శాఖ సమ్మతి కావాలి. మురుగును శుద్ధి చేయకుండా వదలకూడదు. రెండు హోటళ్ల మధ్య జనం తీరానికి వెళ్లడానికి కనీసం 20 మీటర్ల వెడల్పు దారి వదలాలి. కంచె వేసుకున్నా అది జనాన్ని తీరానికి రాకుండా ఆపకూడదు. అంటే "ప్రైవేటు బీచ్" అన్న మాటకు మన దేశంలో చట్టం అండ లేదు. ఇసుక ఎవరి అబ్బా జాగీరూ కాదు.

ఇవన్నీ చదివి ఇక్కడెవరు పాటిస్తారులే అనిపించొచ్చు. కానీ ఈ తీరం జనం పాటించేలా చేసిన తీరం. బారువ ఉన్న సోంపేట మండలంలోనే, బీల భూముల్లో థర్మల్ విద్యుత్ కేంద్రం పెట్టబోతే రైతులు, మత్స్యకారులు అడ్డం నిలబడ్డారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. టెక్కలి వైపు కాకరాపల్లిలో ఇంకో థర్మల్ ప్రాజెక్టు మీద అలాంటి పోరాటమే జరిగింది. 2011 ఫిబ్రవరి 28న అక్కడా కాల్పులు జరిగాయి, అక్కడా మనుషులు పోయారు. ఈరోజు బారువలో పొగ గొట్టం లేని ఆకాశం కింద మన పిల్లలు గవ్వలు ఏరుకుంటున్నారంటే, దాని అద్దె ఎవరో ముందే కట్టేశారు. హోటల్ కరపత్రంలో ఆ మాట ఉండదు.

ఇసుకకు ఇంకో హఖ్‌దారు ఉంది. చలికాలం నుంచి ఎండాకాలం మొదలు దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఈ తీరానికి వచ్చి గుడ్లు పెడతాయి. అటవీ శాఖవాళ్లు, ఊరి కుర్రాళ్లు వాటిని ఏరి కంచెల్లో పొదిగించి పిల్లల్ని సముద్రంలో వదులుతారు. రాత్రి పుట్టిన పిల్ల వెలుగున్న వైపు నడుస్తుంది. సృష్టిలో ఆ వెలుగు సముద్రం మీదిది. రిసార్టు ఫ్లడ్ లైట్లు వేస్తే అది రోడ్డు వైపు నడిచి చస్తుంది. మనం వెళ్లే మంచి రుతువూ, అవి వచ్చే రుతువూ ఒకటే. రాత్రి బీచ్ వైపు లైట్లు ఆపమని హోటల్ వాణ్ని అడిగితే పోయేదేమీ లేదు.

"మీరు వచ్చే ఉద్యోగాలకు అడ్డం పడుతున్నారు"

నా స్నేహితుల్లో కొందరు ఈ మాట అంటారు. వాళ్ల మాటలో వజన్ ఉంది. ఉద్దానం మగవాళ్లు హైదరాబాద్, చెన్నై భవనాల పనికి పోతారు. మత్స్యకారులు గుజరాత్ వేరావల్ దాకా పోయి పరాయి పడవల్లో కూలికి వల లాగుతారు. 2018 నవంబరులో అలా వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు పాకిస్తాన్ వాళ్లకు చిక్కి, ఏడాదికి పైగా కరాచీ జైల్లో ఉండి, 2020 జనవరిలో వాఘా దాటి వచ్చారు. ఇంటి దగ్గరే రిజ్క్ దొరికితే ఎవరు పోతారు అంత దూరం? సంతబొమ్మాళి మండలం మూలపేటలో 2023 ఏప్రిల్‌లో పోర్టుకు శంకుస్థాపన జరిగింది. భోగాపురం విమానాశ్రయం పుణ్యాన ఈ తీరం హైదరాబాద్‌కు ఇంకా దగ్గరవుతుంది. హోటళ్లు వస్తాయి. రావాలి కూడా.

రావాలి అన్నవాడికే ఎలా రావాలో అడిగే హఖ్ ఉంటుంది. వంటగదిలో, లెక్కల బల్ల దగ్గర ఊరివాళ్లున్నారా, లేక గేటు దగ్గర కాపలాకు, బాత్రూం కడగడానికి మాత్రమే ఉన్నారా? చేప ఊరి పడవ దగ్గర కొంటున్నారా, ఐసు పెట్టె మీద విశాఖ నుంచి తెస్తున్నారా? మనం తినే ఖీర్‌లో జీడిపప్పు పలాసదే. ఆ పిక్క కొట్టే ఆడవాళ్ల వేళ్లను పెంకులోని నూనె కాల్చి నల్లబరుస్తుంది. వాళ్ల కూతుళ్లకు రిసార్టులో ఇజ్జత్ ఉన్న ఉద్యోగం వస్తే ఆ రిసార్టుకు నేనే మీ అందరికీ సిఫారిష్ చేస్తాను. ఊరి నీళ్లు తోడి, ఊరిని గేటు బయట నిలబెట్టే రిసార్టు అయితే దాన్ని ఉద్యోగాల పేరుతో సమర్థించడం ఇన్సాఫ్ కాదు.

మెహమాన్ ఫర్జ్

గోల్కొండ దగ్గర షేక్‌పేటలో కుతుబ్‌షాహీల కాలం నాటి సరాయి ఇప్పటికీ నిలబడి ఉంది. బాటసారులకు గదులు, వాళ్ల జంతువులకు చోటు, పక్కన మసీదు. ముసాఫిర్‌కు నీడ ఇవ్వడం పాలకుడి పనిగా చూసిన కాలం అది. దీన్ మెహమాన్‌కు హఖ్ ఇచ్చింది. అదే దీన్ మెహమాన్ మీద ఫర్జ్ కూడా పెట్టింది. మెహమానీ మూడు రోజులని చెప్పి, ఇంటివాడికి తక్లీఫ్ అయ్యేదాకా తిష్ఠ వేయొద్దంది. డబ్బు కట్టినంత మాత్రాన ఆ ఫర్జ్ తీరిపోదు. హోటల్ వాడికి డబ్బు కడతాం. మనకు నీళ్లిచ్చే ఊరికి ఏం కడుతున్నాం?

అందుకే ఫోన్ చేసినప్పుడు ఈ నాలుగు అడగండి. నీళ్లు బోరువా, పైపువా, ట్యాంకరువా? మురుగు ఎక్కడికి పోతుంది? రాత్రి బీచ్ వైపు లైట్లు ఆపుతారా? ఊరివాళ్లు మీ పక్కనుంచి తీరానికి వెళ్లే దారి తెరిచే ఉందా? మొదట్లో అవతలివాడు ఆశ్చర్యపోతాడు. పదిమంది అడిగాక జవాబు తయారు చేసుకుంటాడు. వందమంది అడిగాక పద్ధతి మార్చుకుంటాడు. వ్యాపారికి గిరాకీ మాట కన్నా పెద్ద కాయిదా లేదు.

గదిలోకి వెళ్లాక బకెట్టు, మగ్గు అడిగి తీసుకోండి. ఇస్తింజాకు లోటా ఎలాగూ మనకు కావాల్సిందే, స్నానానికీ బకెట్టే వాడండి. చాదర్లు రోజూ మార్చొద్దని చెప్పండి. తాగడానికి ఇంటి నుంచి పెద్ద సీసాలు తీసుకెళ్లి, ఖాళీవి వెనక్కి తెచ్చుకోండి. దాహమేస్తే కొబ్బరి బోండాం తోట దగ్గరే కొనండి, బేరం ఆడొద్దు. తిత్లీలో పడిపోయిన చెట్ల చోట నాటిన మొక్క కాపుకు రావడానికి ఎన్నేళ్లు పడుతుందో ఆ రైతును అడగండి, పిల్లలు వింటారు. రెండు రాత్రులు చాలు. మూడో రోజు పొద్దున శ్రీకాకుళం వైపు దిగి, కళింగపట్నంలో దర్గా, లైట్‌హౌస్ చూసుకుని ఇంటికి రండి.

వచ్చాక ఫొటోలు పెట్టండి, తప్పకుండా పెట్టండి. ఫొటో కింద రెండు ముక్కలు కూడా రాయండి: గది ఎలా ఉంది, రిసెప్షన్‌లో ఎలా మాట్లాడారు, నీళ్లు ఎక్కడివి. మన తర్వాత వెళ్లే కుటుంబానికి ఆ మూడో ముక్కే ఎక్కువ పనికొస్తుంది, ఆ ఊరికి అంతకన్నా ఎక్కువ.

ఖుదా హాఫిజ్.